‘మస్తుందన్నా’ దగ్గరే ఆగిపోతే ఫోటో నేర్చుకునేదెలా?

దసరాకి ఓ పది రోజుల ముందు, మా ఆఫీసులో పనిచేసే ఒక తమ్ముడు తెల్లారకముందే హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోయి ఫోటోలు తీసుకొచ్చాడు. పెద్ద కెమెరా ఏమీ లేదు, చేతిలో ఉన్న ఫోనే. లంచ్ టైంలో ఒక ఫోటో తెరిచి ‘ఎట్లుందన్నా?’ అని ఫోన్ నాకిచ్చాడు. మల్లెపూల దండను మూర కొలుస్తున్న ఓ పెద్దావిడ. పక్కనున్న ముగ్గురూ ఫోన్ అందుకుని చూసి ‘కిరాక్ ఉంది’, ‘మస్తుంది భాయ్’, ‘ప్రొఫెషనల్ లెక్కనే ఉంది’ అనేసి తిరిగిచ్చేశారు. ఒక్కొక్కరి చేతిలో ఆ ఫోటో మూడు నాలుగు సెకన్లు ఉందేమో. వాడు నవ్వాడు గానీ ఫోన్ జేబులో పెట్టుకోలేదు, నా వైపే చూస్తున్నాడు.

ఆ చూపు నాకు బాగా తెలుసు. ఫోటో తీయడం మొదలుపెట్టిన ప్రతివాళ్ళ కళ్ళల్లోనూ ఉంటుంది. వాళ్ళకు కావాల్సింది మెచ్చుకోలు ఒక్కటే కాదు, నాకు కనబడింది మీకూ కనబడిందా అని తెలుసుకోవాలని ఉంటుంది. మనం మాత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మార్కులు వేసి పంపిస్తాం. ‘సూపర్’ అంటే నూటికి నూరు, ‘పర్లేదు’ అంటే ముప్పై ఐదు. మార్కుల వల్ల ఎవరికీ ఫోటో తీయడం రాదు.

తీసినవాళ్ళకు తమ ఫోటో సరిగ్గా కనబడదు, అసలు చిక్కంతా అక్కడుంది. ఆ తమ్ముడికి ఆ ఫోటోలో మల్లెల వాసన ఉంది, నాలుగున్నరకు లేచి బండి మీద వచ్చిన చలి ఉంది, ఆ పెద్దావిడ ‘ఏం తీస్తున్నవ్ బిడ్డా’ అన్న మాట ఉంది. ఫోన్ తెరిచిన ప్రతిసారీ అవన్నీ గుర్తొచ్చి, బొమ్మలో లేనివాటిని కూడా వాడి మనసే నింపేస్తుంది. మనకు అవేవీ తెలియవు కాబట్టి, ఆ నాలుగు గీతల మధ్య ఏం పడిందో అదొక్కటే కనబడుతుంది. బయటివాళ్ళుగా మనం ఇవ్వగలిగిన సాయం ఇదే, దీనికి ఫోటోగ్రఫీ చదివి ఉండాల్సిన పనికూడా లేదు. చూపు ముందు ఎక్కడికి పోయింది, తర్వాత ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది, అంత చెప్తే చాలు.

నేను చెప్పింది కూడా అంతే. ‘ముందు నా చూపు వెనకాల వెలుగుతున్న తెల్ల బల్బు మీదికి పోయింది. తర్వాత ఆమె ముఖం చూశాను, నీలంగా ఉంది, ఒంట్లో బాగోలేదేమో అనిపించింది. చేతుల దగ్గరికి ఆఖర్న వచ్చాను. ఇంతకీ నువ్వు అక్కడ దేనికోసం ఆగావు?’

వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ‘మూర కొలిచేటప్పుడు దండను ఇట్ల గుంజి పట్టుకుంటది కదన్నా, ఆమె చెయ్యే టేపు. అది చూసి ఆగిన’ అన్నాడు. అంటూనే ఫోన్ నా చేతిలోంచి లాక్కుని దగ్గరగా పెట్టుకుని చూశాడు. మూర అంటే మోచేతి నుంచి వేలి కొన దాకా. ఫోటోలో మోచెయ్యి లేదు, ఎడమ అంచు దగ్గర తెగిపోయింది. ఆ మాట నేను అనలేదు. ‘అరె, మోచెయ్యే కట్ అయింది కదా’ అని వాడే అన్నాడు.

నేను ముందే ‘ఫ్రేమింగ్ సరిగ్గా లేదు’ అని ఉంటే వాడు తలూపి వెళ్ళిపోయేవాడు. ఏది సరిగ్గా లేదో, ఎందుకు లేదో అర్థమయ్యేది కాదు. ఏం చూపించాలనుకున్నావని అడిగితే కొలబద్ద వాళ్ళ చేతికే వస్తుంది. అదే మోచెయ్యి తెగడం ఇంకో ఫోటోలో తప్పే కాకపోవచ్చు, ఆమె నవ్వు కోసం ఆగి ఉంటే ఆ చెయ్యి ఎక్కడ తెగినా ఎవరికీ పట్టదు.

ముఖం నీలంగా ఎందుకు పడిందో కూడా కాసేపు మాట్లాడుకున్నాం. మార్కెట్‌లో నీలం టార్పాలిన్ కింద కూర్చున్నవాళ్ళ మీద పడేది ఆ పట్టాలోంచి వడకట్టుకుని వచ్చిన వెలుతురు. ఒక పక్క నీలం, ఇంకో పక్క బల్బు వెలుగు ఉంటే ఫోన్ రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు, ఏదో ఒక దాన్ని నమ్ముతుంది. ఆమెను జరగమనడం ఎందుకు, మనమే రెండడుగులు పక్కకు పోతే పట్టా అంచు వైపు నుంచి మామూలు వెలుతురు ముఖం మీద పడే కోణం దొరుకుతుంది, వెనకాల బల్బు కూడా ఫ్రేములోంచి తప్పుకుంటుంది. వచ్చే ఆదివారం పొద్దున అదే ఫోన్‌తో, అదే చోట చేయగలిగిన పని ఇది. సలహా అంటే ఇంత దగ్గరగా ఉండాలి. ‘మంచి లెన్స్ కొనుక్కో’ అనడం సలహా కాదు, ఖర్చు.

మొహమాటం కొద్దీ పొగిడేవాళ్ళను నేను తప్పుపట్టను. మన ఇళ్ళల్లో మనిషిని నొప్పించకూడదని చిన్నప్పటి నుంచీ చెప్తారు, చుట్టాల వాట్సాప్ గ్రూపులో మేనకోడలు పెట్టిన ఫోటో కింద ఎవరూ వెలుతురు గురించి రాయరు, రాయక్కర్లేదు కూడా. కానీ ‘ఎట్లుంది’ అని ఒకరు ప్రత్యేకంగా వచ్చి అడిగినప్పుడు పొగిడి పంపేయడం వాళ్ళను చిన్నచూపు చూడటమే అంటాను. వీడికి ఇంతకంటే ఏం వస్తుందిలే అన్న లెక్క అందులో ఎక్కడో ఉంటుంది.

రెండో కొస ఇంకా ఘోరం. చాలా ఏళ్ల కింద ఒక పోటీకి నేను మౌలాలి గుట్ట మీది నుంచి తీసిన ఫోటో ఇచ్చాను. మెట్ల మీద ఒక ముసలాయన, కింద ఊరంతా పొగమంచు. జడ్జిగా వచ్చిన పెద్దమనిషి తెర మీద దాన్ని చూసి, అందరి ముందూ, ‘ఇలాంటి పోస్ట్‌కార్డులు వేలల్లో చూశాం, నెక్స్ట్’ అన్నాడు. ఆయన అన్నది నిజమే కావచ్చు. ఆ మాట పట్టుకుని మర్నాడు పొద్దున నేను ఏం చేయాలి? ఏమీ లేదు. ఇంటికొచ్చి ఆ ఫోటో డిలీట్ చేశాను, ఇప్పుడు చూద్దామన్నా లేదు. ఆ ముసలాయన ఇంకో రెండు మెట్లు ఎక్కేదాకా ఆగి ఉంటే తల ఆకాశం మీద పడి విడిగా కనబడేదని ఆ రోజు ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

అంత దెబ్బ తిన్న నేనే తర్వాత అదే పని చేశాను. మా చిన్నమ్మ కొడుకు వినాయక నిమజ్జనం రోజు రాత్రి ఎన్టీఆర్ మార్గ్‌లో క్రేన్ విగ్రహాన్ని పైకి లేపుతుండగా తీసిన ఫోటో చూపిస్తే, సాయం చేస్తున్నాననే అనుకుంటూ, షటర్ స్లో అయి చెదిరింది, ఫోటో ఒక పక్కకు వాలింది, తలలు అడ్డొచ్చాయి, లైట్ల దగ్గర తెల్లగా కాలిపోయింది అని వరసపెట్టి ఏడు తప్పులు చెప్పాను. ఏడూ నిజమే. వాడు ‘సరే అన్నా’ అన్నాడు. తర్వాత రెండేళ్ళు నాకు ఒక్క ఫోటో చూపించలేదు. ఆ ఫోటోలో క్రేన్ కింద నిలబడి చేతులు జోడించిన ఒక పిల్లాడు ఉన్నాడు, వాడి గురించి నేను ఒక్క మాట కూడా అనలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అప్పటి నుంచి ఒక్కసారికి ఒక్కటే చెప్తున్నాను. ఏ ఒక్కటి అన్నదే కష్టం, ఆలోచించాల్సింది అక్కడే. ఇంట్లో కూర్చుని సరిచేసుకోగలిగేవి, పక్కకు వాలిన ఫోటోను నిలబెట్టడం, అంచులు కత్తిరించడం, కాస్త వెలుతురు పెంచడం లాంటివి, వాళ్ళే నాలుగు రోజుల్లో నేర్చుకుంటారు. అక్కడ నిలబడ్డప్పుడే చేయాల్సినవి ఉంటాయి చూడండి, నిలబడ్డ చోటు, వెలుతురు వచ్చే దిక్కు, నొక్కిన క్షణం, వాటిలోంచి ఒకటి ఎంచుకోవాలి. పూర్తిగా తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని తర్వాత ఏ యాప్‌తోనూ తిరిగి తేలేం, అక్కడ వివరమే నమోదు కాలేదు.

చార్మినార్ ఫోటోలే తీసుకోండి. కొత్తగా తీసేవాళ్ళవి పది చూస్తే ఎనిమిదింటిలో మినార్లు లోపలికి వాలిపోయి ఉంటాయి. ‘బిల్డింగ్ వంకరొచ్చింది’ అంటే వాళ్ళు ఫోన్‌ను పక్కకు తిప్పి చూసుకుంటారు, పోదు. దగ్గర నిలబడి ఫోన్‌ను పైకి ఎత్తి వంచడం వల్ల వచ్చింది అది. గుల్జార్ హౌజ్ దాకా వెనక్కి నడిచి, ఫోన్ నిటారుగా పట్టుకుంటే నాలుగు మినార్లూ నిలబడతాయి, ఆపైన కాస్త జూమ్ చేసుకోవచ్చు. మనుషుల ముఖాలకూ ఇంచుమించు ఇదే మాట. ఫోన్ మామూలు కెమెరా చాలా వెడల్పుగా చూస్తుంది, పెద్ద కెమెరా లెక్కలో 24, 26 ఎంఎం లెన్స్ దగ్గర, అందుకే అడుగు దూరంలోంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ‘ఫోటోలో నేను బాగుండను’ అనే ఆడపిల్లలు ఎంతమందో, వాళ్ళలో చాలామందికి కావాల్సింది తీసేవాళ్ళు రెండు అడుగులు వెనక్కి వేయడం.

సలహా కంటే ముందు చేయాల్సిన సాయం ఇంకోటి ఉంది, తీసినవాటిలోంచి మంచివి ఏరిపెట్టడం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ గాజు పలకల మీద తీసేవాడు. ఒక్కో పలకా ఒక్కటే ఫోటో, మోయాలి, కడగాలి, పగలకుండా చూసుకోవాలి. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఆయన గాజు నెగెటివ్‌లు 2857 ఉన్నాయి. ఇప్పుడు ఒక పెళ్లిలో రెండు రోజుల్లో అన్ని తీస్తున్నారు. ఏ పలక ఖర్చుపెట్టాలో ఆయన నొక్కకముందే తేల్చుకోవాల్సి వచ్చేది, మనవాళ్ళు ఆ పని నొక్కిన తర్వాత చేయాలి, చేయరు. ఆ తమ్ముడు పూల మార్కెట్‌లో తీసినవి నూట అరవై. మొత్తం చూపించమని పక్కన కూర్చుంటే, తొంభయ్యో ఎన్నోదో దగ్గర, వాడు చెదిరిందని వదిలేసిన ఒక ఫోటోలో మోచెయ్యి నుంచి వేలి కొన దాకా దండ గుంజి పట్టుకుని ఉంది. చూపించిన ఒక్క ఫోటో మీదే మాట్లాడి లేచిపోతే అది అలాగే మరుగున పడిపోయేది.

బాగున్న ఫోటోను కూడా మెచ్చుకోకూడని సందర్భాలున్నాయి, ఈ విషయంలో నేను మెత్తగా ఉండను. అమీన్‌పూర్ చెరువు దగ్గరికి పక్షుల కోసం చాలామంది పోతున్నారు, సంతోషం. గూట్లో పిల్లలకు తల్లి తిండి పెడుతున్న ఫోటో దగ్గరగా, పదునుగా తీసి చూపిస్తే ముందు అడగాల్సింది ఎంత దూరంలోంచి తీశావని. మనిషి దగ్గరికొస్తే తల్లి పక్షి లేచిపోతుంది, గుడ్లు ఎండకు, పిల్లలు కాకులకు దొరికిపోతాయి. అలాంటి ఫోటోను ‘సూపర్’ అంటే ఇంకో పదిమందిని ఆ గూటి దగ్గరికి పంపినట్టే. మనుషుల విషయంలోనూ అంతే, పాతబస్తీ గల్లీల్లో పిల్లలను, దర్గా మెట్ల మీద చెయ్యి చాచి కూర్చున్నవాళ్ళను తీసుకొచ్చినప్పుడు వాళ్ళను అడిగే తీశావా అన్నది కూడా ఫోటో గురించిన ప్రశ్నే. ఈ ఊరికి ఇది కొత్త మర్యాద కాదు. మగవాళ్ళ ఎదుట కూర్చోలేని పర్దా ఆడవాళ్ళ కోసం దీన్ దయాళ్ 1892లోనే వేరే జెనానా స్టూడియో పెట్టించి, దాన్ని ఒక మహిళ చేతికే అప్పగించాడు.

మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫోటోగ్రఫీ డిగ్రీ చదివేవాళ్ళకు కూర్చోబెట్టి చెప్పే మాస్టర్లుంటారు. ఐటీ ఉద్యోగం చేస్తూనో, కొట్టు నడుపుతూనో సెలవు రోజు ఫోటోలు తీసుకునేవాళ్ళకు ఉన్నది మనమే, స్నేహితులం, అన్నలం, అక్కలం. మనకు ఏం తెలుసని చెప్తాం అనే వెనకంజ ఉంటే, ఒకసారి మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి పోయి రండి. 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్‌కు వేదిక అదే, పెద్ద పెద్ద ప్రింట్లు గోడల మీద ఉంటాయి. ఒక్క ప్రింట్ ముందు మూడు నిమిషాలు నిలబడి, చూపు ఎటు పోతోందో గమనించండి. మొదటి నిమిషంలో ఏమీ తోచదు, మూడో నిమిషంలో మూలన ఉన్న నీడ కూడా మాట్లాడుతుంది.

ఆ తమ్ముడు తర్వాతి ఆదివారం మళ్ళీ గుడిమల్కాపూర్ పోయాడు. పట్టా అంచు దగ్గర నిలబడి, మోచెయ్యి నుంచి వేలి కొన దాకా పడేలా తీశాడు, ముఖం రంగు కూడా సరిగ్గా వచ్చింది. మెహిదీపట్నంలో ప్రింట్ వేయించి ఆ పెద్దావిడకు ఇద్దామని పోతే నేనూ వెంట వెళ్ళాను. ఆమె చేతులు తుడుచుకుని ప్రింట్ అందుకుంది. ముగ్గురు పక్కకొచ్చి చూసి ‘మంచిగొచ్చినవ్ అక్కా’ అన్నారు. ఆమె మాత్రం చాలాసేపు చూసింది, ఫోటోలో దండ వెంబడి వేలు నడిపించుకుంటూ పోయి ఒక చోట ఆగింది.

‘చెయ్యి మంచిగ పడ్డది బిడ్డా. గీ ముడి ఒక్కటి కనిపిస్తలేదు, నా పనంతా ముడిలనే ఉంటది.’

వాడు ఫోన్ తీసి ఆమె పక్కన, కింద కూర్చున్నాడు.