కాల్చి నీళ్ళలో ముంచితే ఇత్తడి గట్టిపడుతుందా?

వారం నుంచి మా విజయవాడ ఆటోనగర్‌లో ప్రతి ఫోనులోనూ ఒకటే వీడియో. ఎక్కడో విదేశంలో, పేల్చేసిన తూటాల గుల్లలను, అంటే మందు పట్టే ఇత్తడి గొట్టాలను, మళ్ళీ నింపి వాడుకోవడానికి మూతులు మంటకు కాల్చి నీళ్ళలో పడేస్తున్నారు. కింద తెలుగులో రాత: "ఉక్కుకు పదును పెట్టినట్టే. ఎంత ఎర్రగా కాలిస్తే ఇత్తడి అంత గట్టి. గుల్లలు పగిలేది పాతబడే." మూడు మాటలూ తప్పే.

ముందు పదును సంగతి. ఎర్రగా కాలిన ఉక్కులో కార్బన్ కరిగి ఉంటుంది. చటుక్కున చల్లారిస్తే బయటికి రాలేక ఇరుక్కుపోతుంది, ఉక్కు బిగుస్తుంది. గుల్లల ఇత్తడి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. అందులో అలా ఇరుక్కునేదేమీ లేదు. ఇత్తడిని గట్టిపరిచేది దెబ్బ. వన్‌టౌన్‌లో బిందెలు కొట్టిన మా మేనమామ, సుత్తి కింద రేకు బిర్రెక్కగానే మళ్ళీ కొలిమిలో పెట్టేవాడు. పెట్టకపోతే అంచు చీలేది. గుల్ల మూతీ అంతే. పేలినప్పుడు ఉబ్బుతుంది, మళ్ళీ కొలతకు తేవడానికి డైలో, అంటే ఉక్కు అచ్చులో, నొక్కితే కుంచించుకుంటుంది, అలా అలా పెళుసెక్కుతుంది. కాల్చేది మెత్తబరచడానికే. మరి నీళ్ళెందుకంటారా? వేడి అడుగుకు పాకకుండా, చెయ్యి కాలకుండా. అంతకుమించి ఏమీ లేదు.

"ఎంత ఎర్రగా" అన్న మాట మాత్రం ఒట్టి తప్పు కాదు, ప్రమాదం. పేలుడు ఒత్తిడిని కాసేది గుల్ల అడుగు. అది మెత్తబడితే వేడి గ్యాసు పేల్చినవాడి మొహం మీదికే రావచ్చు. పైగా అతిగా కాలిన ఇత్తడిలో రేణువులు పెద్దవై, సాగదీస్తే పైన బత్తాయి తొక్కలా తేలుతుంది.

ఇక పగుళ్ళు. ఇది మన దేశంలో జరిగిన కథే. బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాల గుల్లలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. తయారీలో లోపల మిగిలిపోయిన బిగువుకు, తేమా గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా తోడయ్యాయి. మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు 1921లో దీన్ని వివరించారు. సన్న సెగ మీద కాస్తే గట్టిదనం పోకుండానే ఆ బిగువు వదులుతుంది. వయసుకూ దీనికీ సంబంధం లేదు.

లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, గుల్లల జోలికి పోకండి. తుక్కులోంచి రెండు ఇత్తడి రేకు ముక్కలు తీసుకోండి. రెండూ ఒకేలా కాల్చి, ఒకటి నీళ్ళలో వెయ్యండి, ఒకటి గాలికి వదిలెయ్యండి. చల్లారాక వంచి చూడండి. ఏది నీళ్ళలో మునిగిందో మీ వేళ్ళకు తెలియదు.