మండేలా చెవిలో కుందేలు

దక్షిణాఫ్రికా రాజధాని ప్రిటోరియాలో యూనియన్ బిల్డింగ్స్ ముందు, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డ నెల్సన్ మండేలా కంచు విగ్రహం ఉంది. ఎత్తు 9 మీటర్లు. 2013 డిసెంబర్ 5న ఆయన కన్నుమూశారు, 16న విగ్రహాన్ని ఆవిష్కరించారు. కొన్ని వారాలకే ఒక వింత బయటపడింది. విగ్రహం చెవిలో చిన్న కుందేలు బొమ్మ! సంతకం చెక్కనివ్వలేదని శిల్పులు దాన్ని గుర్తుగా పెట్టారట. పని హడావుడిగా ముగించాల్సి వచ్చిందన్న ఎత్తిపొడుపు కూడా అందులో ఉంది. ఆఫ్రికాన్స్ భాషలో 'హాస్' అంటే కుందేలు, తొందర కూడా. ప్రభుత్వం చిన్నబుచ్చుకుని తీసేయమంది.

ఉంచేసి ఉంటే బాగుండేది. తొలి నల్లజాతి అధ్యక్షుడిగా ఆయన్ను కీర్తించడంలో ప్రపంచం చూపించిన తొందరకి అంతకంటే మంచి గుర్తు దొరకదు.

ఆ తొందరలో ఏం జారిపోతుందో చెప్పడానికి ఆవిష్కరణ తేదీ ఒక్కటి చాలు. 1838 డిసెంబర్ 16న బోయర్లు, అంటే డచ్ మూలాలున్న తెల్ల వలసదారులు, స్థానిక జులూ సైన్యాన్ని ఓడించారు. తెల్లవాళ్ల ప్రభుత్వాలకు అది పండగ రోజు. 1961లో అదే తేదీన మండేలా నాయకత్వంలోని సాయుధ దళం తొలి బాంబులు పేల్చింది. 1995 నుంచి అది సయోధ్య దినం. చేతులు చాపిన తాతగారి విగ్రహంలో మొదటి రెండు కథలూ కనిపించవు. అమెరికాకు మాత్రం ఆ సాయుధ దళం చాలాకాలం గుర్తుంది. నోబెల్ శాంతి బహుమతి వచ్చి, అధ్యక్షుడిగా చేసి దిగిపోయాక కూడా, 2008 దాకా ఆయన పేరు వాళ్ల ఉగ్రవాద నిఘా జాబితాలోనే ఉంది.

అంతా మెచ్చుకుంటున్నప్పుడు దండ వేయడానికి ఖర్చేముంది? ఆయన ఇంకా జైల్లో ఉండగా వేసిన దండల సంగతి వేరు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో 1981లోనే ఆయనకు నగర పౌర గౌరవం ఇచ్చింది. అలా ఇచ్చిన మొదటి నగరం అదే. 1986లో ఇంకో అడుగు వేసి, సెయింట్ జార్జెస్ ప్లేస్ పేరును నెల్సన్ మండేలా ప్లేస్‌గా మార్చింది. ఆ చోటే ఎందుకంటే, దక్షిణాఫ్రికా కాన్సులేట్ ఉన్నది అక్కడే. తాము జైల్లో పెట్టిన మనిషి పేరే ఆ ఆఫీసుకి అడ్రస్ అయిపోయింది. ఇంత ముచ్చటైన సన్మానం నాకు ఇంకోటి తెలియదు.

ఈ విషయంలో మన దేశం కూడా తక్కువేం తినలేదు. 1860లో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడతో మొదలై, తమిళులతో పాటు తెలుగు కూలీలు కూడా దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు వెళ్లారు. అంటే అక్కడి వర్ణవివక్ష మనవాళ్ల ఒంటి మీద కూడా పడింది. 1946లోనే భారత్ ఆ దేశంతో వ్యాపారం తెంచుకుంది. చాలా ఏళ్లు మన పాస్‌పోర్టు ఆ దేశానికి చెల్లేది కాదు. 1974 డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్లో ప్రత్యర్థి దక్షిణాఫ్రికా. అమృత్‌రాజ్ సోదరులున్న మన జట్టు గెలిచే అవకాశం ఉన్నా, ఆడనే లేదు. కప్పు వాళ్లకు పోయింది. మనకు ఇప్పటికీ రాలేదు. 1990లో భారతరత్న ఇచ్చేనాటికి మండేలా జైలు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. చేతిలో భారతరత్న ఉంది, సొంత దేశంలో ఓటు లేదు.

ఇప్పటి గౌరవాలు వేరు. ఐక్యరాజ్యసమితి 2009లో జులై 18ని మండేలా దినంగా ప్రకటించింది. ఆయన 67 ఏళ్ల ప్రజాసేవకు గుర్తుగా ఆ రోజు 67 నిమిషాలు సేవ చేయమంటారు. బడి గోడకు రంగు వేసి ఫొటో దిగితే పూర్తవుతుంది. చెడ్డ పనేం కాదు. కానీ 2017 భూమి లెక్కల ప్రకారం, వ్యక్తుల పేరున ఉన్న సాగుభూమిలో 72 శాతం జనాభాలో పదో వంతు కూడా లేని తెల్లవాళ్లదే. ఆయన రాజీపడిపోయారని అక్కడి కొందరు యువకులు తిడతారు. నేను ఒప్పుకోను. 1994లో అంతర్యుద్ధం తప్పించడమే పెద్ద పని. అయినా ఆ తిట్టులో, 67 నిమిషాల్లో లేని పట్టింపు ఉంది.

తర్వాత చేసిన వాటిలో నాకు నచ్చింది ఒకటే. ఖైదీలను ఎలా చూడాలో చెప్పే నియమాలను ఐరాస 2015లో సవరించి, వాటికి ఆయన పేరు పెట్టింది. వరుసగా 15 రోజులు దాటి ఎవరినీ ఏకాంత నిర్బంధంలో ఉంచకూడదన్నది అందులో ఒకటి. 27 ఏళ్లు జైల్లో గడిపిన మనిషి పేరు ఉండాల్సిన చోటే ఉంది. ఆ పేరు చెప్పి ఒక ఖైదీ ఏదైనా అడగగలడు. కంచు విగ్రహాన్ని ఏం అడుగుతాడు?

తన ముందువాళ్లను మండేలా ఎలా గౌరవించారో కూడా చూడాలి. 1994 ఏప్రిల్ 27న, 75 ఏళ్ల వయసులో, జీవితంలో మొదటిసారి ఓటు వేయడానికి ఆయన డర్బన్ దగ్గర ఇనాండాలోని ఒహ్లాంగే బడిని ఎంచుకున్నారు. గాంధీ ఫీనిక్స్ ఆశ్రమం దానికి దగ్గర్లోనే. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడు జాన్ డ్యూబే కట్టిన బడి అది. ఆయన సమాధి కూడా అక్కడే. ఆ రోజు మండేలా ఓటు వేయడంతో పాటు ఆ సమాధి దగ్గరికి కూడా వెళ్లి, దేశం స్వేచ్ఛ పొందిందని డ్యూబేకు చెప్పారు.