హాస్టలు గదులకూ వంతులవారీ

మా మేనల్లుడు ఈ ఏడు విశ్వవిద్యాలయంలో చేరుతున్నాడు. ప్రవేశ పత్రాలతోపాటు హాస్టలు దరఖాస్తు కూడా ఇచ్చారట. ఒక్కరుండే గది, ఇద్దరుండే గది, ముగ్గురుండే గది అని అందులో మూడు గడులున్నాయి. వాటి కింద ‘మీ ప్రాధాన్యాన్ని సూచించగలరు’ అని ఎంతో మర్యాదగా అచ్చువేశారు. ఒక్కరుండే గది పరిశోధక విద్యార్థులకు, ఇద్దరుండే గది ఆఖరి సంవత్సరం వారికి కేటాయించామన్న సంగతి అదే కాగితం వెనకవైపు ఉంది. వాడు ముందువైపు చూస్తూ గంటసేపు ఆలోచించాడు.

గోదావరి డెల్టాలో పుట్టిన పిల్లవాడు ఆ గడుల మీద అంత కాలం వృథా చేయడం నాకు విచారం కలిగించింది. హాస్టలును అర్థం చేసుకోవడానికి కావలసింది నీటిపారుదల పరిజ్ఞానం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన నాటినుంచి ఈ సీమలో రైతులు రెండే రకాలు: కాలువ ఎగువన పొలం ఉన్నవారు, శివారున పొలం ఉన్నవారు. శివారు పొలానికి దాళ్వాలో, అంటే రబీలో, నీరందదు; సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, ముంపు తప్పదు. ఈ సూత్రాన్ని నిలువుగా నిలబెట్టి, మెట్లు కట్టి, సున్నం వేస్తే అదే హాస్టలు.

నేను చదివిన విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. మా భవనానికి మూడో అంతస్తు శివారు. నీళ్ల ట్యాంకు సరిగ్గా మా నెత్తిమీదే ఉండేది, అయినా అందులో నీళ్లు మమ్మల్ని పలకరించకుండా గొట్టంలో గలగలమంటూ కింది అంతస్తుకు దిగిపోయేవి. నీరు పల్లమెరుగునన్న మాట పెద్దలు ఊరికే అనలేదు. ఉదయం ఆరు గంటలకు కుళాయి తిప్పితే మొదట ఒక నిట్టూర్పు, తరువాత తుప్పురంగు ధార, ఆ తరువాత మళ్లీ నిట్టూర్పు వచ్చేవి. బకెట్టు సగం నిండేసరికి మొదటి పీరియడు అయిపోయేది. తుపాను రోజుల్లో మాత్రం ఈ అన్యాయాన్ని శ్లాబు సరిదిద్దేది. కుళాయి బాకీపడ్డ నీళ్లన్నీ పైకప్పు నుంచి వడ్డీతో సహా మా పరుపుల మీద జమయ్యేవి.

పాలకవర్గానికి ముందుచూపు లేదని అనేవారితో నేను ఏకీభవించను. కొత్త విద్యార్థులను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలని 2009 నాటి యూజీసీ ర్యాగింగు నిరోధక నిబంధనలు చెబుతున్నాయి. మా వాళ్లు వేరే బ్లాకు కట్టే ఖర్చు లేకుండా, కొత్తవారినందరినీ మూడో అంతస్తుకు ఎక్కించారు. నీళ్లు లేని చోటికి ఏ సీనియరూ రాడు కనుక నిబంధన ఆశయం నెరవేరింది. ఒక్క పైసా ఖర్చు లేకుండా ర్యాగింగును అరికట్టిన ఈ విధానానికి రావలసిన గుర్తింపు రాలేదనే నా బాధ.

ఇక గది లోపలి భూగోళం. డెల్టాకు తూర్పు, మధ్య, పశ్చిమ విభాగాలున్నట్టే మా గదికి మూడు మంచాలు. కిటికీ పక్కది తూర్పు డెల్టా, దానికి గాలీ వెలుతురూ పుష్కలం. తలుపు పక్కది పశ్చిమ డెల్టా, వచ్చినవాడల్లా దానిమీదే చతికిలబడతాడు. నాకు దక్కిన నడిమి మంచం అచ్చంగా కోనసీమ. ఏ వైపు దిగాలన్నా ఎవరో ఒకరి ట్రంకుపెట్టె మీదుగా రేవు దాటాలి. ఈ మంచాల మధ్య సందులో చాప వేసుకుని, రికార్డుల్లో ఎక్కడా కనిపించని నాలుగోవాడు ఒకడు నివసించేవాడు. హాస్టలు పరిభాషలో ఇతన్ని నాన్‌బోర్డరు అంటారు, నా దృష్టిలో ఇతడు పట్టా లేని లంక సాగుదారు. వార్డెను తనిఖీ అనే వరద వస్తోందని తెలియగానే చాప చుట్టుకుని గట్టెక్కేవాడు. వరద తీసిన సాయంత్రానికి మళ్లీ తన మేటమీద ప్రశాంతంగా నిద్రపోతూ కనిపించేవాడు. మా నలుగురిలో ఏ ఫిర్యాదూ లేనివాడు అతనొక్కడే.

భోజనశాలలో ఈ శాస్త్రం తలకిందులవుతుంది, అక్కడే నాకు దానిమీద గౌరవం పెరిగింది. కాలువలో శివారుకు నీరు చేరదు, మెస్సులో శివారుకు నీరే చేరుతుంది. ముందు వరసవాడు గరిటెడు పప్పు తింటాడు, ఆఖరి వరసవాడు ఆ పప్పు జ్ఞాపకాన్ని తాగుతాడు. నెలాఖరున మొత్తం ఖర్చును హాజరైన రోజుల లెక్కన పంచుతారు కనుక బిల్లులో మాత్రం ఎగువా శివారూ అన్న భేదం లేదు. పండగకు ఇంటికెళ్లి రెండు రోజులు ఉండి వస్తే ఆ రోజులు తగ్గేవి కావు. మెస్ కట్ కావాలంటే అంతకంటే ఎక్కువ రోజులు వరుసగా కనిపించకుండా పోవాలి. పొలం బీడున్నా శిస్తు కట్టిన వంశంలో పుట్టాను కనుక నాకది వింతగా తోచలేదు.

ఒకసారి మేమూ తిరగబడ్డాం. గిట్టుబాటు కాని సేద్యం చేయలేక 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. మా భోజన విరామం గురించి వంటవాళ్లు మాత్రమే మాట్లాడుకున్నారు. ఒక పూట బియ్యం మిగిలినందుకు వార్డెను గారు మాకు హృదయపూర్వకంగా కృతజ్ఞతలు చెప్పారు.

ఆవరణ బయట ప్రైవేటు హాస్టలు చూసుకోవచ్చు కదా అంటారు. చూసుకోవచ్చు. మనిషికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, కనీసం 90 రోజులు వరుసగా ఉంటే అలాంటి వసతికి 2024లో జీఎస్టీ మినహాయింపు కూడా ఇచ్చారు. అక్కడి సాంబారుతో 90 రోజులు వరుసగా నెగ్గుకొచ్చినవాడికి ఆ మాత్రం రాయితీ న్యాయమే.

కనుక హాస్టళ్లలోనూ నీటి ఎద్దడి కాలంలో కాలువలకు పెట్టే వంతులవారీ విధానం ప్రవేశపెట్టాలని నా సూచన. సోమవారం మొదటి అంతస్తుకు స్నానం, మంగళవారం రెండో అంతస్తుకు. మూడో అంతస్తు సంగతి సాగునీటి సలహా మండలిలాంటిదేదో వేసి ఆలోచించవచ్చు.

ఇదంతా విడమరచి చెప్పాక మేనల్లుడు మూడో గడిలో టిక్కు పెట్టాడు. బకెట్లు రెండు కొనుక్కోరా, ఒకటి కుళాయి కింద పెట్టడానికి, ఒకటి శ్లాబు కారే చోట పెట్టడానికి అన్నాను.

“ఒకటి చాలదా మావయ్యా? రెండూ ఒకేసారి రావు కదా” అన్నాడు.

ఇంజనీరింగు సీటు వాడికి ఊరికే రాలేదు.