హైవే సరే, హైవేని మోసిన రోడ్డు సంగతేంది?

ముందే చెప్తున్నా, నేను హైవేకి వ్యతిరేకిని కాను. మా బాబాయి వాళ్ల పొలం కొంత అందులో పోయింది. పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ ఆయన వెంట నేనూ తిరిగాను. అయినా ఖమ్మం–దేవరపల్లి రోడ్డు పడితే వైజాగ్ పోవడానికి బెజవాడ దాకా తిరిగే బాధ తప్పుతుందని సంబరపడ్డవాణ్ణే. దాదాపు 162 కిలోమీటర్లు, నాలుగు లేన్లు, అయిదు ప్యాకేజీలు. ఖమ్మం దగ్గర మొదలై కల్లూరు, సత్తుపల్లి, వేంసూరు మండలాల మీదుగా ఆంధ్రాలో అడుగుపెట్టి, చింతలపూడి, జంగారెడ్డిగూడెం దిక్కున దేవరపల్లి చేరుతుంది. మ్యాపులో చూస్తే పాత ఊళ్ల జోలికి పోకుండా చేల మధ్య నుంచి శుభ్రంగా గీసిన గీత.

నా గొడవ ఆ గీతతో కాదు. ఆ గీత మీద పోసిన మట్టి ఏ దారిన వచ్చిందో, దాంతో.

మా ఊరి రోడ్డు పెద్దదేం కాదు. మూడుముప్పావు మీటర్ల తారు, రెండు పక్కలా జానెడు మట్టి అంచు. ఎదురుగా బస్సొస్తే ఆటో ఒక చక్రం కిందికి దించాలి. పిల్లలు దాని మీదే బడికి పోతారు, గేదెలు దాని మీదే చెరువుకి పోతాయి, పెళ్లి ఊరేగింపు దాని మీదే, శవయాత్రా దాని మీదే. అటు కొసన గుట్ట, ఇటు కొసన హైవే పని. గుట్టలో మొరం, ఆ మొరంతో హైవేకి మట్టికట్ట. మధ్యలో మేము.

ఒకసారి లెక్క చూద్దాం. లెక్క చెప్పకపోతే "నాలుగు టిప్పర్లు తిరిగితే ఏమవుద్దిలే" అనేవాళ్లున్నారు. నాలుగు లేన్ల రోడ్డు కట్ట సగటున మూడు మీటర్ల ఎత్తు అనుకోండి. పైన వెడల్పు తక్కువ, కింద ఎక్కువ కాబట్టి సగటు 35 మీటర్లు. ఒక్క కిలోమీటరుకి లక్షా అయిదు వేల ఘనపు మీటర్ల మట్టి. పది చక్రాల టిప్పర్‌కి పదిహేను పడుతుంది. అంటే కిలోమీటరుకి ఏడు వేల లోడ్లు. మా గుట్ట మట్టి అయిదు కిలోమీటర్లకి పోయిందనుకుంటే 35 వేల లోడ్లు. ఖాళీగా తిరిగి రావాలిగా, 70 వేల సార్లు. రెండు ఎండాకాలాలు కలిపి 300 పనిదినాలు. రోజుకి 230 పైచిలుకు. పగటిపూట పన్నెండు గంటల్లో మూడు నిమిషాలకో టిప్పర్. ఇది పొదుపుగా వేసిన లెక్క. రోలర్ కింద పడ్డాక మట్టి కుదించుకుపోతుంది, కాబట్టి అసలు లోడ్లు ఇంకా ఎక్కువ. కంకర, సిమెంటు, మిక్సర్ లారీలు నేను కలపనే లేదు.

మూడు నిమిషాలకొకటి అంటే ఏమిటో మా పెద్దమ్మని అడగాలి. ఆవిడది బస్టాపు దగ్గర ఇడ్లీ, పునుగుల బండి. ఆ రెండేళ్లూ పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు ఆవిడ చేసిన మొదటి పని బండి ముందు ఇరవై గజాల రోడ్డు తడపడం. బోరింగు నుంచి బిందెతో తెచ్చి, చేత్తో చల్లి. ఆ తడి అరగంట కూడా ఆగేది కాదు. చట్నీ గిన్నె మీద తడిపిన గోనెపట్టా, ఇడ్లీ పాత్ర మీద ఇంకొకటి. సాయంత్రానికి ఆ గోనెపట్టాని దులిపితే ఎర్రటి పొడి. ఒకరోజు ఆవిడ రోడ్డుకి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. టిప్పర్ ఆగింది. వెనక ఇంకో మూడు ఆగాయి.

"పెద్దమ్మా, లెవ్వమ్మా, ట్రిప్పు పోతది."

"నీ ట్రిప్పు పోతే పోనీ, నా పిండి పోయింది ఇయ్యాల. ఎవడిస్తడు?"

ఆ డ్రైవర్ కుర్రాడు కిందికి దిగి నాతో మెల్లగా అన్నాడు, "అన్నా, జీతం తక్కువ, ట్రిప్పుకి బత్తా. పది కొడితేనే గిట్టుబాటు. నిదానంగా పోతే ఏడు కూడా కావు. మీరు మావాళ్లని అడగండి, నన్ను కాదు." అబద్ధం చెప్పలేదు వాడు. ఊళ్లో స్పీడుగా పోతున్నాడని డ్రైవర్ని కొట్టబోయిన రోజులు కూడా మా ఊళ్లో ఉన్నాయి, నాకు సిగ్గనిపిస్తుంది. బత్తా ట్రిప్పుకి కట్టినవాడు ఏసీ గదిలో కూర్చుని, స్పీడ్ బ్రేకర్ వేయమని ఊరికి సలహా ఇస్తాడు. స్పీడ్ బ్రేకర్ వేశాం కూడా. లోడు టిప్పర్ దాని మీద ఎగిరితే పక్క ఇళ్ల పెంకులు కదిలాయి. మేమే తవ్వి తీసేశాం.

ఇక రోడ్డు. మన కారు ఒక ఇరుసు మీద అర టన్ను బరువు ఉంటుంది. లోడు టిప్పర్ వెనక ఇరుసు ఒక్కోదాని మీద పది టన్నులు. ఇరవై రెట్లు. కానీ రోడ్డుకి జరిగే నష్టం ఇరవై రెట్లు కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958–60 మధ్య అచ్చంగా దీని కోసమే రోడ్లు వేసి లారీలు తిప్పి చూశారు. ఇరుసు బరువు పెరిగేకొద్దీ నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. నాలుగు ఇరవైలు వేసి గుణిస్తే లక్షా అరవై వేలు. టిప్పర్ ఇరుసు ఒక్కసారి దొర్లితే లక్షకి పైగా కారు ఇరుసులు దొర్లినట్టు. మా రోడ్డు పాల ఆటోలకీ, పల్లెవెలుగు బస్సుకీ వేసింది. మొదటి ఎండాకాలం సగానికే చక్రాల దారిలో రెండు గాళ్లు పడ్డాయి, వాన రాగానే గాళ్లు గుంతలయ్యాయి, రెండో ఏడాదికి తారు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

రూల్స్ లేవా అంటే బ్రహ్మాండంగా ఉన్నాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల పుస్తకం ఒకటుంది, రోడ్ల ఇంజినీర్లకి అది బైబిల్. అందులో 111వ క్లాజు చదవండి. కాంట్రాక్టరు బండ్లు, సబ్ కాంట్రాక్టరు బండ్లు, సామాను తెచ్చిపోసేవాడి బండ్లు, ఏవి తిరిగినా సరే, ఆ రోడ్ల మీద దుమ్మూ బురదా లేకుండా శుభ్రంగా ఉంచాలి. పడ్డది వెంటనే ఊడ్చి తీసెయ్యాలి. ఇంజినీరు చెప్తే నీళ్లతో కడగాలి కూడా. కడగాలట! మా ఊళ్లో ఇది చదివి వినిపిస్తే రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. వాటర్ ట్యాంకర్ రాలేదని అనను, వచ్చింది. పెద్ద సార్లు సైటుకి వచ్చే రోజు పొద్దున్నే వచ్చేది. ట్యాంకర్ కనపడితే "ఇయ్యాల ఎవరో వస్తున్నర్రా" అని చెప్పుకునేవాళ్లం.

దాని పక్కనే 112వ క్లాజు. పని జరిగేటప్పుడు ట్రాఫిక్ ఏర్పాట్లన్నీ అందులో ఉంటాయి: బోర్డులు, బారికేడ్లు, దీపాలు, జెండా పట్టుకునే మనిషి. అదే క్లాజు చివర్న ఇంకో మాట కూడా ఉంది, అసలు రోగం అక్కడే ఉందని నా అనుమానం. తాత్కాలిక డైవర్షన్ రోడ్డు వేస్తే మీటర్ల లెక్కన కొలుస్తారు, కానీ ట్రాఫిక్ ఏర్పాట్లు మాత్రం పనిలో భాగమే, అదంతా కాంట్రాక్టరు బాధ్యత. అంటే కట్ట పోస్తే కొలత ఉంది, డబ్బుంది. కాంక్రీటు పోస్తే కొలత ఉంది. జెండా పట్టుకున్న మనిషికీ, రాత్రి వెలగాల్సిన దీపానికీ విడిగా కొలతా లేదు, విడిగా బిల్లూ లేదు. విడిగా బిల్లు లేని పనిని ఎవడు చేస్తాడండీ? మీరైనా, నేనైనా.

రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌వాళ్లు దీనికే ఎస్పీ 55 అని ఏకంగా ఒక పుస్తకం వేశారు, 2014లో సవరించారు కూడా. పని జరిగే చోటుకి చాలా ముందునుంచే హెచ్చరిక, తర్వాత లేను మెల్లగా పక్కకి తిప్పే జాగా, తర్వాత పని జాగా, దాటాక మళ్లీ మామూలు రోడ్డులో కలిసే జాగా. బొమ్మలతో సహా ఉంటుంది. మా ఊరి రోడ్డుని హైవే దాటే చోట అండర్‌పాస్ కట్టేటప్పుడు మాకు దొరికిన ఏర్పాటు ఒక నీలం డ్రమ్ము. దానికి రేడియం స్టిక్కర్ కూడా లేదు. సత్తుపల్లి నుంచి రాత్రి తొమ్మిదిన్నరకి వస్తూ నేను పడ్డది అక్కడే. ముసురు, ఎర్రమట్టి, బండి ముందు చక్రం సబ్బు మీద కాలేసినట్టు జారింది. మోకాలికి ఆరు కుట్లు. మర్నాడు వెళ్లి అడిగితే సైటు ఇంజినీరు కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఇరవై అయిదేళ్లు కూడా ఉండవు, మర్యాదస్తుడు. "సార్, వర్షం పడితే మేమేం చేస్తాం" అన్నాడు. అప్పుడు నాకు ఏమనాలో తోచలేదు. ఇప్పుడు తోస్తోంది: జూలైలో వాన పడుతుందని మా తాత కూడా చెప్పేవాడు నాయనా.

2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఎ అని ఒక సెక్షన్ కలిపారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక మనిషి చచ్చిపోయినా, అవిటివాడైనా బాధ్యుడికి జరిమానా వేయొచ్చు. లక్ష రూపాయల దాకా. వందల కోట్ల పనికి గరిష్ఠం లక్ష. ఎవరు భయపడతారో చెప్పండి.

సరే, విమర్శ ఎవడైనా చేస్తాడు, మరి ఏం చేయాలంటావ్ అంటారు. నాకు అర్థమైంది చెప్తా, రోడ్డు పనులు చేసే మా మేనమామ కొడుకు చెప్పింది కలుపుకుని. హైవేకి భూమి సేకరించారు కదా, దాదాపు అరవై డెబ్బై మీటర్ల వెడల్పు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. టిప్పర్లు ఆ భూమిలోంచే పోవచ్చు. కట్ట పక్కన రెండు బండ్లు తప్పుకునేంత మట్టి దారి చదును చేసుకుంటే ఊళ్లతో పనే లేదు. మరి ఎందుకు పోవు? వాగు అడ్డం, కాలువ అడ్డం, అయిదు ఫర్లాంగులకో పంట బోదె అడ్డం. వాటి మీద కల్వర్టులు ముందు కట్టాలి, కనీసం పైపులు వేసి తాత్కాలిక దారైనా చెయ్యాలి. కానీ పని మొదలయ్యేది ఎక్కడ? ఎక్కడ సులువుగా బిల్లు లేస్తుందో అక్కడ. అంటే చదును నేల మీద, మట్టి పోత. కల్వర్టులు నెమ్మదిగా, చివర్న. అందుకని ఈ ముక్కలోంచి ఆ ముక్కలోకి పోవాల్సిన ప్రతి టిప్పరూ హైవే దిగి, ఊళ్లో దూరి, చుట్టు తిరిగి, మళ్లీ హైవే ఎక్కుతుంది. మా ఊరి అవతల వాగు మీద కల్వర్టు మొదటి ఏడాది కట్టి ఉంటే మా పెద్దమ్మ బిందె మోసే పనే ఉండేది కాదు. ఆ కల్వర్టు కట్టారు, చక్కగా కట్టారు. మట్టి పనంతా అయిపోయాక.

నేను ఇంజినీర్ని కాను. కానీ పనుల వరస ఎవరో ఒకరు కాగితం మీద రాస్తారుగా. ఆ కాగితం మీద "ముందు కల్వర్టులు, తర్వాత మట్టి" అని రాయడానికి అదనంగా అయ్యే ఖర్చు ఎంత? కల్వర్టులు ఎలాగూ కట్టాల్సినవే.

సామాను ఎటునుంచి తేవాలో ముందే ఆలోచిస్తే ఏమవుతుందో మా సత్తుపల్లికి తెలుసు. ఓపెన్‌కాస్ట్ గనుల బొగ్గు ఏళ్ల తరబడి లారీల మీదే కొత్తగూడెం వైపు పోయేది. ఆ రోడ్డు మీద పోయినవాళ్లకి అది ఎట్లా ఉండేదో చెప్పక్కర్లేదు. తర్వాత దాదాపు 54 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు, బొగ్గు వ్యాగన్లెక్కింది. కావాలనుకుంటే అవుతుంది.

బూడిద ఇంకో కథ. థర్మల్ కేంద్రాలకి 300 కిలోమీటర్ల లోపు రోడ్డు కట్టలకి బొగ్గు కాలగా మిగిలిన బూడిద, అదే ఫ్లైయాష్, వాడాలని కేంద్రం నిబంధన. నిబంధన మంచిదే, ఎక్కడో గుట్టలు పోసే బూడిద పనికొస్తుంది. కానీ పట్టా కప్పకుండా తెస్తే అది మట్టిలా కింద పడదు, గాలిలో తేలుతుంది. జనవరి, ఫిబ్రవరి మామిడి పూత మీద అది ఎట్లా కూర్చుంటుందో వేంసూరు వైపు తోటలున్నవాళ్లని అడగండి. పరిహారం పత్రాల్లో పోయిన పొలానికి కాలమ్ ఉంది, పోయిన పూతకి లేదు.

ఇక హైవే ఎక్కే సంగతి. ఈ హైవేకి ఎక్కడ పడితే అక్కడ ఎక్కే వీలు లేదు, ఇంటర్‌చేంజి దగ్గరే ఎక్కాలి, దిగాలి. మాకు దగ్గర్లో ఉన్న ఇంటర్‌చేంజికి పోవాలంటే మా పాత రోడ్డు మీదుగానే పోవాలి. అదే, గాళ్లు పడ్డ రోడ్డు. దాన్ని ఎవరు బాగుచేస్తారంటే హైవేవాళ్లు పంచాయతీరాజ్ వైపు చూపిస్తారు, పంచాయతీరాజ్‌వాళ్లు కాంట్రాక్టు కంపెనీ వైపు, కంపెనీవాళ్లు "రోడ్డు ముందు కూడా ఇట్లాగే ఉండె కదా" అంటారు. అక్కడ మేం నోరు మూసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ముందు ఎట్లా ఉండేదో మా దగ్గర రుజువు లేదు. మా ఊరి వాట్సాప్ గ్రూపంతా వెతికితే పాత రోడ్డు సరిగ్గా కనపడే ఫొటో ఒక్కటే దొరికింది. మా చెల్లెలి పెళ్లి బరాత్‌లో, బ్యాండువాళ్ల కాళ్ల కింద, నల్లగా, నున్నగా.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా తలపెట్టిన రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం 160 కిలోమీటర్ల పైన ఉంది. అటు అమరావతి చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు, అదే ఓఆర్‌ఆర్ 190 కిలోమీటర్ల దగ్గర. పైన వేసిన లెక్కతో మీరే గుణించుకోండి ఎన్ని లక్షల లోడ్లో. ఆ దారుల్లో ఉన్న ఊళ్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, భూమి పరిహారం గురించి ఎట్లాగూ కొట్లాడతారు. దాంతోపాటు మట్టి ఏ గుట్ట నుంచి, ఏ దారిన, రోజుకి ఎన్ని బండ్లు అని గ్రామసభలో లిఖితపూర్వకంగా అడగండి. మీ వాగు మీద కల్వర్టు ఎన్నో నెలలో కడతారో అడగండి. బడి టైములో బండ్లు ఆపుతారా అని అడగండి. మొదటి టిప్పర్ రాకముందే ఊరి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా బండి మీద పోతూ వీడియో తీయండి, తారీఖు వినపడేలా గట్టిగా చెప్తూ. పెళ్లి బరాత్ ఫొటో మీద ఆధారపడొద్దు. అందులో మా బావమరిది డ్యాన్సు అడ్డమొచ్చి రోడ్డు సగమే కనపడుతోంది.