లాక్‌డౌన్ అంత అందంగా ఏమీ లేదు

లాక్‌డౌన్ రోజులు ఎంత అందంగా ఉండేవో నాకు ఈ వారమే తెలిసింది. బాల్కనీలో పట్టుచీర కట్టుకున్న బామ్మగారు, ఆవిడ చేతిలో పొగలు కక్కే ఫిల్టర్ కాఫీ, ఎదుటి మేడ మీద గాలిపటం ఎగరేస్తున్న మనవడు, కింద కడిగిన ముత్యంలాంటి వీధి, ఆ వీధిలో పురి విప్పిన నెమలి. ఇది చెన్నై అట. కోడంబాక్కంలో నెమలి! అన్నీ ఏఐ గీసిన బొమ్మలే. వెనక వీణ మోగుతుంటే "ఆ బంగారు రోజులు మళ్ళీ రావు" అని అక్షరాలు తేలుతూ వస్తాయి. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో దీనికి వచ్చిన దండాలకు లెక్కలేదు.

పొద్దున ఇది పంపినవారే రాత్రి ఇంకొకటి పంపుతారు. అందులో ఒక కుర్రవాడు గుండె పట్టుకుని రోడ్డు మీద కూలిపోతుంటాడు, ఆకాశంలో తాటిచెట్టంత సిరంజి. అదీ ఏఐ బొమ్మే. కింద "మనల్ని బంధించారు, బలవంతంగా పొడిచారు, ఇప్పుడు చూడండి" అని రాసి ఉంటుంది. బంగారు రోజులా, బందిఖానా రోజులా? రెంటికీ దండం పెట్టే చేతులు అవే.

అభిప్రాయాలు మారకూడదని నేను అనను. నాకు గిట్టనిది, జరిగినదాన్నే మార్చి చెప్పుకోవడం. ఆ పనికి ఇప్పుడు బొమ్మలు కూడా క్షణాల్లో సిద్ధమవుతున్నాయి.

నాకు గుర్తున్న చెన్నై వేరు. 2020 మే మొదటి వారంలో కోయంబేడు మార్కెట్ మూసేశారు. అప్పటికే కూరగాయల లారీలతో పాటు వైరస్ కూడా జిల్లాలకు ప్రయాణం కట్టింది. కొత్తిమీర కట్టను సబ్బు నీళ్ళలో ముంచి, ఆ సబ్బు వాసనతోనే పచ్చడి నూరుకున్న ఇళ్ళు మాలో చాలా ఉన్నాయి. జూన్ 19 నుంచి నెలాఖరు దాకా నగరం మళ్ళీ పూర్తిగా మూతపడింది. మా వీధిలో ఒక ఇంట్లో పాజిటివ్ వస్తే గుమ్మానికి అడ్డంగా రేకులు కొట్టారు. లోపల మనుషులుండగానే. పాల ప్యాకెట్ రేకు పైనుంచి అందించాలి. తలుపుకు స్టిక్కరు కూడా. అధికారి చట్టప్రకారం ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప ఇళ్ళకు అలాంటివి అంటించకూడదని సుప్రీంకోర్టు చెప్పేసరికి డిసెంబరు వచ్చింది. అప్పటికి మొదటి అల దాటిపోయింది, ఆ ఇంటివాళ్ళు ఇల్లే మారిపోయారు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక న్యూరోసర్జన్ కోవిడ్‌తో చనిపోతే ఆయన్ను పూడ్చనివ్వకుండా ఈ నగరంలోనే జనం అంబులెన్స్ మీద రాళ్ళు రువ్వారు. చివరికి ఆయన స్నేహితుడు, ఆయనా డాక్టరే, రాత్రివేళ పార పట్టుకుని సమాధి పూడ్చాడు. రాళ్ళు వేసినది ప్రభుత్వం కాదు, మనలాంటివాళ్ళే.

సరిహద్దు సంగతి మనవాళ్ళు ఎలా మరిచిపోయారో నాకు అర్థం కాదు. అదే నెలలో వేలూరు జిల్లా నుంచి చిత్తూరు జిల్లాలోకి వెళ్ళే రెండు రోడ్లకు అడ్డంగా గోడలు కట్టారు. సిమెంటు ఇటుకలతో, రాత్రికి రాత్రి. గొడవయ్యాక కూల్చారు. సరిహద్దులోని తడ దాటాలంటే ఈ-పాస్ కావాల్సి వచ్చేది. నెల్లూరులో తండ్రి పోతే పాస్ రాక, ఫోనులో అంత్యక్రియలు చూసిన కొడుకు మా మేడలోనే ఉన్నాడు. ఆయనకు కూడా ఆ నెమలి వీడియో చేరింది.

ఈ బొమ్మలు గీసే యంత్రం మీద కోప్పడి లాభం లేదు. దానికి మేత అంతర్జాలంలోని కోట్లాది బొమ్మలు, వాటి పక్కన మనం రాసుకున్న మాటలు. అలాంటి యంత్రాల్లో ఒకటైన స్టేబుల్ డిఫ్యూజన్‌కు ఆ మేత వచ్చిన లైయాన్ అనే సేకరణలోనే 500 కోట్లకు పైగా బొమ్మలు, వాటి వివరణలు ఉన్నాయి. ఏ మాట పక్కన ఎలాంటి బొమ్మ ఎక్కువగా కనబడిందో యంత్రం దానికి దగ్గరగా పోతుంది. చుక్కల గజిబిజితో మొదలుపెట్టి, అడిగిన మాటకు సరిపోయేదాకా దాన్ని విడతలుగా శుభ్రం చేస్తుంది. రేకు కొట్టిన గుమ్మాన్ని ఫొటో తీసి "మా వీధి" అని ఎంతమంది పెట్టి ఉంటారు? దక్షిణ భారతం, బామ్మ, కాఫీ అంటే మాత్రం లక్షల్లో ఉంటాయి. అందుకే అడిగినవారికి నెమలితో సహా వచ్చింది.

ఒక తమాషా చూడండి. ఈ బొమ్మల యంత్రాలు వచ్చిన రోజులూ, టీకా అంటే మనకు విసుగొచ్చిన రోజులూ ఒకటే. 2022 ఏప్రిల్ 6న డాల్-ఈ 2 అనే బొమ్మల యంత్రం బయటికొచ్చింది. సరిగ్గా నాలుగు రోజులకు, 10వ తేదీన, మన దేశంలో 18 దాటిన అందరికీ ప్రైవేటు కేంద్రాల్లో ముందుజాగ్రత్త డోసు, అంటే మూడోది, ఇవ్వడం మొదలైంది. టీకా 225 రూపాయలు, వేసినందుకు గరిష్ఠంగా మరో 150. జనం పెద్దగా కదల్లేదు. జులై 12న అలాంటిదే ఇంకో యంత్రం, మిడ్‌జర్నీ తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. జులై 15 నుంచి 75 రోజుల పాటు ఆ డోసు ఉచితమన్నారు. అప్పుడూ అంతంత మాత్రమే. మొత్తం మీద రెండో డోసు వేసుకున్నవారు 95 కోట్లు, మూడోది 23 కోట్లకు లోపే. ఏడాది ముందు, 2021 మేలో, కోవిన్‌లో స్లాట్ కోసం అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచినవాళ్ళమే మనం. కోవిడ్ మందు రెమ్‌డెసివిర్ కోసం కీల్పాక్కం మెడికల్ కాలేజీ ముందు వరుస కట్టినవాళ్ళమే.

మూడో డోసు వేసుకోని కుర్రవాళ్ళను నేను తప్పుపట్టను. ఒమిక్రాన్ అప్పటికి ఇంటింటికీ వచ్చి పోయింది. 2023 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులే ఆరోగ్యంగా ఉన్న చిన్నవయసువారికి మళ్ళీ మళ్ళీ బూస్టర్లు అక్కర్లేదని, వృద్ధులకూ జబ్బులున్నవారికీ వేయాలని వర్గాలు విడదీశారు. ఆధారం మారింది, సలహా మారింది. మన అభిప్రాయం మాత్రం ఆ సలహా చదివి మారలేదు. విసుగొచ్చి మారింది. విసుగు అని ఒప్పుకోవడానికి నామోషీ కాబట్టి ఇప్పుడు "నాకు మొదటినుంచీ అనుమానమే" అంటున్నారు. మొదటి డోసు వేసుకున్న రోజు సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టుకున్నవారు కూడా.

ఇక ఆ గుండె బొమ్మ. 2025లో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో 20కి పైగా గుండెపోటు మరణాలు వార్తలకెక్కినప్పుడు అక్కడి ముఖ్యమంత్రే టీకాను అనుమానించారు. ఆ రాష్ట్రం వేసిన నిపుణుల కమిటీకే అలాంటి సంబంధం కనబడలేదు. అంతకుముందే కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 19 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 47 ఆసుపత్రుల నుంచి, 18-45 ఏళ్ళ మధ్య ఉన్నట్టుండి చనిపోయినవారి వివరాలు తీసి చూసింది. టీకా ఆ ముప్పును పెంచలేదు. రెండు డోసులు వేసుకున్నవారిలో ముప్పు తక్కువగానే ఉంది. పెంచినవి వేరు: గతంలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో అలాంటి మరణాలు, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, తీవ్రమైన శారీరక శ్రమ.

అలాగని టీకాకు ఏ దోషమూ లేదని నేను చెప్పడం లేదు. ఆస్ట్రాజెనెకా టీకాతో, అంటే మన కోవిషీల్డ్‌తో, చాలా అరుదుగా రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోతాయి. 2024లో దీన్ని బయటపడిన రహస్యంలా మోగించారు గానీ, ఐరోపా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే బాహాటంగా చెప్పింది. మరుసటి నెలలో బ్రిటన్ 40 లోపువారికి వేరే టీకా ఇవ్వమంది. ఆ సంగతి ఇక్కడ వేసేటప్పుడు జనానికి ఇంకా స్పష్టంగా చెప్పి ఉండాల్సింది. ఇది న్యాయమైన కోపం. రేకుల మీద, గోడల మీద కోపమూ అలాంటిదే. వీటిని పట్టుకుని అడగండి, నేనూ మీ పక్కన నిలబడతాను. తాటిచెట్టంత సిరంజిని పట్టుకుని ఏమి అడుగుతారు?

"బొమ్మే కదండీ, మీరు మరీనూ" అన్నారు ఒక పెద్దాయన. బొమ్మే. 2020 మార్చిలో ఇదే నగరంలో ఒక చిత్రకారుడు విరిగిన హెల్మెట్‌కు కాగితం అంటించి, ఎర్రటి కొమ్ములు పెట్టి కరోనా హెల్మెట్ చేశాడు. ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ దాన్ని తలకు తగిలించుకుని రోడ్డు మీద బండ్లను ఆపారు. చూడ్డానికి కొంచెం నవ్వు, కొంచెం వెగటు. జనాన్ని అలా భయపెట్టవచ్చా అని వాదించవచ్చు, నేనైతే వద్దంటాను. కానీ అది ఎవరు చేశారో, ఎప్పుడు, ఎందుకు చేశారో తెలుసు. ఈ సిరంజి బొమ్మకు ఊరు లేదు, పేరు లేదు. మౌంట్ రోడ్డు మీద సినిమా బ్యానర్లు గీసినవారి పనిని ఫ్లెక్సులు మింగినప్పుడు కూడా, కింద అచ్చువేసినవారి ఫోను నంబరైనా ఉండేది.

మా నాన్నగారికి 70 దాటాయి. ఆస్తమా ఉంది. ఈ బొమ్మ చూసినప్పటినుంచి కోవిడ్ సంగతి అటుంచి, ఏటా వేయించుకునే ఫ్లూ టీకా కూడా వద్దంటున్నారు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం నాన్నా అంటే "అన్నీ సూదులేగా" అన్నారు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రారు. అందుకని అడుగుతున్నాను. దాన్ని గ్రూపులో ముందుగా పెట్టినవారు ఎవరో గానీ, ఒకసారి మా ఇంటికి వచ్చి ఆయనతో మీరే మాట్లాడండి. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంట్లోనే ఉంటారు.