నూనె ప్యాకెట్ మీది సున్నా గారికి

మహారాజశ్రీ సున్నా గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఇటువైపు కుశలమని రాయడానికి నా రక్తంలోని కొవ్వుల లెక్క చెప్పే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు ఒప్పుకోవడం లేదు. మీరు మాత్రం ఎప్పటిలాగే కులాసాగా ఉన్నారని నాకు తెలుసు. లీటరు నూనె ప్యాకెట్ వెనక, పోషక విలువల పట్టికలో, కొలెస్ట్రాల్ అనే మాటకు ఎదురుగా, గుండ్రంగా, ఒంటి మీద మచ్చ లేకుండా కూర్చుని ఉంటారు. ముప్పై రెండేళ్ళు ఆడిట్ శాఖలో పద్దులు తనిఖీ చేసి విరమణ పొందినవాణ్ణి కనుక అంకెలంటే నాకు సహజంగానే అనుమానం. ఆ అనుమానం నుంచి తప్పించుకున్న ఏకైక అంకె మీరు. సున్నా వేసిన చోట ఎవడూ సొమ్ము తినడని మా శాఖలో ఒక మూఢనమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే ఏళ్ళ తరబడి మీ ముఖం చూసి ప్యాకెట్లు కొన్నాను.

ఉగాదికి ముందు వచ్చిన రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 248, చెడ్డదని పేరుపడ్డ ఎల్‌డీఎల్ 164, మంచిదని పేరుపడ్డ హెచ్‌డీఎల్ 36, రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 240 అని ఉంది. నాకు కోపం వచ్చింది. ఎందుకంటే అప్పటికి రెండేళ్ళుగా మా ఇంట్లో పొదుపు ఉద్యమం నడుస్తోంది. ముద్దపప్పులో నెయ్యి మానేశాం. కోడిగుడ్డులో పచ్చసొన తీసేసి తెల్లసొన మాత్రమే తింటున్నాం. తీసిన సొన పారబోయడానికి చేతులు రాక మా ఆవిడ దాన్ని పెరటి గోడ మీద పెడితే, వీధిలోని గోధుమరంగు పిల్లి వచ్చి తిని, ఏడాది తిరిగేసరికి జమీందారిణిలా నిగనిగలాడింది. ఒక గుడ్డు సొనలో దాదాపు 186 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుందని ఎక్కడో చదివి, అంత బరువు నా గుండె మీద నుంచి దించి పిల్లి మీద పెట్టానని సంతోషించాను. ఇంత త్యాగం చేశాక కూడా 164 ఏమిటని డాక్టరు గారిని నిలదీశాను. "మేం వాడే నూనెలో కొలెస్ట్రాల్ సున్నా అండీ, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది" అని మిమ్మల్నే సాక్షిగా నిలబెట్టాను.

ఆయన మీ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. "నెలకు ఎన్ని ప్యాకెట్లు, ఇంట్లో ఎంతమంది?" అని మాత్రం అడిగారు. ఏడు ప్యాకెట్లు, నలుగురం అని చెప్పాను. "వేయించాక మిగిలిన నూనె పోను" అని సర్దబోతే, "మిగిలింది పారబోస్తారా?" అన్నారు. ఆడిట్ చేసేవాడికి ఎదుటివాడు ఆడిట్ అభ్యంతరం పెడితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

మిగిలిన నూనె సంగతి మీకు తెలియనిది కాదు. శనివారం సాయంత్రం మిరపకాయ బజ్జీలు వేసిన మూకుడు చల్లారాక, నూనెను టీ వడపోసే జల్లెడతో స్టీలు గిన్నెలోకి వంచి, పైన మూత పెట్టి, పొయ్యి గట్టు మీద ఆవాల డబ్బా పక్కన ఉంచుతారు. అడుగున శనగపిండి మడ్డి నల్లగా పేరుకుని ఉంటుంది. ఆదివారం పూరీలకు అందులోనే కొత్త నూనె కలుపుతారు. సోమవారం వంకాయ వేపుడుకు అదే. మంగళవారం పప్పు పోపుకు అదే. బుధవారం నాటికి గిన్నె ఖాళీ. ఒక్క బొట్టు వృథా కాలేదని మా ఆవిడ గర్వం, నా గర్వం కూడా. హోటళ్ళలో మళ్ళీ మళ్ళీ కాగిన నూనెలో, అది చెడేకొద్దీ పెరిగే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 జులై నుంచి దేశమంతటా నిబంధన ఉంది. మా స్టీలు గిన్నెకు మాత్రం ఏ ఇన్‌స్పెక్టరూ రాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి పళ్ళెంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అని ఉంది. లీటరు నూనె తూకంలో దాదాపు 910 గ్రాములు. ఏడు లీటర్లను నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే తలకు రోజుకు 53 గ్రాములు వచ్చింది. బజారులో తిన్న పునుగులు, పెళ్ళిలో తిన్న బూరెలు, టీతో నంజుకున్న మిక్చరు ఈ పద్దులోకి రానేలేదు. గ్రాము కొవ్వుకు తొమ్మిది కేలరీలు. ఇంత జమ అవుతుంటే, రెండేళ్ళుగా నేను పప్పులో అర చెంచా నెయ్యి ఖర్చును ఎర్ర సిరాతో కొట్టేస్తూ కూర్చున్నాను.

అప్పుడు మీ వంశ చరిత్ర కొంత చదివాను. కొలెస్ట్రాల్ జంతువుల దేహంలో తయారయ్యేది. వేరుశనగలోగాని, నువ్వుల్లోగాని, పొద్దుతిరుగుడు గింజల్లోగాని లెక్కించదగినంత ఏనాడూ లేదు. అంటే మీరు ఏ కంపెనీ కష్టపడి సాధించిన ఫలితమూ కారు. అనంతపురం జిల్లాలోని ఏదో కార్యాలయం "ఈ ఆర్థిక సంవత్సరంలో మా పరిధిలో ఓడలేవీ మునగలేదు" అని ఏటా నిల్ రిపోర్టు పంపి, దాని ఆధారంగా ప్రశంసాపత్రం పుచ్చుకుంటే ఎలా ఉంటుందో మీ గొప్పతనం అలా ఉంది. పైగా మీ బంధువుల మీద చట్టానికే అనుమానం వచ్చింది. కొలెస్ట్రాల్‌తో పోరాడుతుందని, గుండెకు హాయినిస్తుందని వంటనూనెల ప్యాకెట్ల మీద రాయకూడదని 2011 నాటి లేబుల్ నిబంధనలు పేరుపేరునా నిషేధించాయి. మాటలన్నీ జైలుకు వెళ్ళాయి, అంకె మాత్రం బయట తిరుగుతోంది. మీరు అబద్ధం ఆడకపోవడమే మీకు రక్ష.

నిజం చెబుతూనే మీరు ఏయే ఇళ్ళల్లో కాపురం చేస్తున్నారో చూసినప్పుడు నాకు ముచ్చెమటలు పట్టాయి. కొబ్బరినూనెలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వు. ఆ సీసా మీద మీరున్నారు. పామోలిన్‌లో నలభై పాళ్ళకు పైగా. ఆ ప్యాకెట్ మీదా మీరే. (దేశంలో పండే పామాయిల్ గెలల్లో అత్యధిక భాగం మన రెండు తెలుగు రాష్ట్రాలవే, ఆ పంట మీద పరిశోధించే జాతీయ సంస్థ ఉన్నదీ ఏలూరు పక్కన పెదవేగిలోనే, రైతు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, గెల మీద ఎవరూ సున్నా చెక్కలేదు.) ఒకప్పుడు ట్రాన్స్ కొవ్వుతో నిండిన వనస్పతి డబ్బా మీద కూడా మిమ్మల్ని కూర్చోబెట్టగలిగేవారు, ఆ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతూ హెచ్‌డీఎల్‌ను తగ్గించే ద్విపాత్రాభినయం చేసేది. నూనెలలో, కొవ్వులలో దాన్ని రెండు శాతానికి మించనివ్వకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమలైంది. అంతవరకూ మీరేం చేశారని అడగను. సున్నా ఏం చేస్తుంది?

నా ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం నేను తిన్నది కాదు, కాలేయంతో సహా నా ఒళ్ళే తయారుచేసుకున్నది. అదే కాలేయం మీద రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలుంటాయి. వాటిని కనుగొన్నందుకే బ్రౌన్, గోల్డ్‌స్టెయిన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ బహుమతి ఇచ్చారు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ గ్రాహకాలు తగ్గిపోతాయి, సరుకు రోడ్డు మీదే నిలిచిపోతుంది. అందువల్ల పచ్చసొన గురించి నేను పడ్డ ఆందోళనలో సగమైనా, ఆ సొన పక్కన నా పళ్ళెంలో కూర్చున్న నాలుగు పూరీల గురించి, సాయంత్రం బేకరీలో తిన్న కర్రీ పఫ్ గురించి పడవలసింది. ట్రైగ్లిజరైడ్లు 240 కావడానికి కారణం నూనె ఒక్కటే కాదట. మూడు పూటలా కుప్ప పోసిన తెల్లన్నం, రోజుకు నాలుగు కప్పుల టీలో పంచదార, భోజనం చేసి కుర్చీలోంచి లేవని నా ఉద్యోగధర్మం అందులో వాటాదారులు. బియ్యం బస్తా మీద కూడా మిమ్మల్ని ముద్రించుకోవచ్చని వ్యాపారులకు ఇంకా తట్టలేదు.

మా వంటింట్లో పాలన మారింది. నెల మొదట్లో మూడున్నర లీటర్లు పెద్ద డబ్బాలో పోసి, అది అయిపోతే ఆ నెలకు అంతే అన్నాను. మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే ఖజానా ఖాళీ అయింది. మా ఆవిడ ఖాళీ డబ్బాను నా ముందు పెట్టి, "ఏవండీ, మిగతా పది రోజులకూ గ్రాంటు మంజూరు చేస్తారా, లేక మీరే వచ్చి పోపు వేస్తారా?" అని అడిగింది. నేనే వేశాను. చెంచా నూనెలో ఆవాలు చిటపటలాడవని నాకున్న అపోహ ఆ రోజుతో పోయింది. మూకుడును ఓపికగా కాగనిస్తే చాలు. బెండకాయ వేపుడు మానేసి మజ్జిగ పులుసులో పడింది. వారానికి రెండు రోజులు అలసందలు, శనగలు ఉడికించి తాలింపు పెడుతున్నాం, జామకాయ కోసుకుంటున్నాం. పప్పుల్లో, జామలో, ఓట్స్‌లో ఉండే కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుందట. కొత్త పైత్యరసం తయారుచేయడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్ తెచ్చుకోవలసి వస్తుంది. ఓట్స్‌తో ఉప్మా కూడా చేసి చూశాం. ఆ విషయం ఇంతటితో వదిలేద్దాం. నెయ్యి మాత్రం ముద్దపప్పులోకి అర చెంచా చొప్పున, పద్దులో రాసుకుని మరీ తిరిగి వచ్చింది.

నడక గురించి పెద్దగా రాయవలసింది లేదు. రోజూ అరగంట, వారానికి ఐదు రోజులు, పక్కవాడితో రాజకీయాలు మాట్లాడగలం గానీ పాట పాడలేం అన్నంత వేగంతో నడుస్తున్నాను. పొగాకు అలవాటు నాకు లేదు, అది నా గొప్ప కాదు, దగ్గు పడదు.

మూడు నెలల తర్వాత ఎల్‌డీఎల్ 141కి, ట్రైగ్లిజరైడ్లు 170కి దిగాయి; హెచ్‌డీఎల్ బద్ధకంగా రెండు మెట్లెక్కి 38 దగ్గర కూర్చుంది. నాలుగు కిలోలు తగ్గాను. రిపోర్టు పట్టుకుని పెళ్ళికొడుకులా వెళితే డాక్టరు గారు సంతోషించి, వెంటనే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు. మా నాన్నగారికి 54వ ఏట గుండెపోటు వచ్చింది, నాకు రక్తపోటు ఉంది. కొన్ని కాలేయాలు పథ్యానికి కొంతవరకే లొంగుతాయని, నా విషయంలో ఎల్‌డీఎల్ ఇంకా బాగా దిగాలని ఆయన వాదం. పథ్యం ఉండగా మాత్ర దేనికన్నాను. మాత్ర ఉంది కదా అని పూరీలు మొదలుపెట్టకుండా ఉండడానికి పథ్యం అన్నారు. ఈ మాత్రల వంశానికి మూలపురుషుడు 1970లలో జపానులో అకీరా ఎండో అనే శాస్త్రవేత్తకు ఒక బూజులో దొరికాడట. ఆవకాయ జాడీలో బూజు కనిపిస్తే వంటింటికి మైల పట్టినంత హడావుడి చేసే మా ఆవిడకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఇక నా విన్నపం ఒక్కటే. మీరు ఉద్యోగం మానుకోవద్దు, పట్టికలో మీ చోటు మీదే. కానీ మీ పైన రెండు గీతల దూరంలో సంతృప్త కొవ్వు అనే పెద్దమనిషి అద్దెకుంటున్నాడు. అతని అంకెకు మీ అంత గుండ్రటి ముఖం లేదు, అతనిని చూసి ఎవరూ ప్యాకెట్ బుట్టలో వేసుకోరు. కొనేవాళ్ళు మీ దగ్గర ఆగినప్పుడు కాస్త పక్కకు జరిగి, చూపు అటు పోనివ్వండి. నేను ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గీతే ముందు చదువుతున్నాను. మీ దగ్గరికి వచ్చేసరికి కిరాణా కొట్టు అబ్బాయి "సార్, బిల్లు" అంటున్నాడు.

ఇట్లు,
తలకు 53 గ్రాముల నుంచి 29 గ్రాములకు దిగి, ఇంకా రెండు గ్రాములు బాకీ ఉన్న
ఒక విశ్రాంత ఆడిటరు

తా.క.: గుడ్డు మళ్ళీ పూర్తిగా తింటున్నాను, వారానికి మూడు, డాక్టరు గారికి చెప్పే. గోధుమరంగు పిల్లి నాలుగు రోజులు గోడ మీద కూర్చుని నావంక చూసి, ఐదో రోజు నుంచి వెనక వీధిలో ఎవరికో కొత్తగా రిపోర్టు వచ్చిందని తెలిసినట్టుంది, అటు వెళ్ళిపోయింది.