నియమం పేరు చివర్లో చెప్పాలి, ముందు పందెం కాయించాలి

మీటరు పొడవున్న రాగి గొట్టాన్ని నిలువుగా పట్టుకుని పైనుంచి ఒక ఇనుప నట్టు వదిలితే అర సెకను తిరక్కుండా కింద పడుతుంది. అదే గొట్టంలో నియోడిమియం అనే బలమైన అయస్కాంతం వదిలితే అది పడదు, దిగుతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేంత నింపాదిగా దిగుతుంది. పైనుంచి తొంగి చూస్తే మధ్యలో తేలుతున్నట్టే ఉంటుంది. దీని వెనక ఉన్నది, అయస్కాంతం కదలికను అది పుట్టించిన కరెంటే అడ్డుకుంటుందని చెప్పే లెంజ్ నియమం. ఇంటర్‌లో ఆ నియమాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లలో చాలామంది ఈ దృశ్యాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండరు.

సైన్సును జనానికి ఆసక్తిగా చెప్పడమంటే మన దగ్గర ఎక్కువగా జరిగేది ఒకటే. పాఠాన్ని పాఠంలాగే ఉంచి, చుట్టూ జోకులు, కార్టూన్లు, 'మీకు తెలుసా' లు అతికిస్తారు. చేదు మాత్రకు బెల్లం పూసినట్టు. అలా పూసినప్పుడే లోపలున్నది చేదని మనం ఒప్పుకున్నట్టయింది. వినేవాళ్లకు బెల్లం గుర్తుంటుంది, మాత్ర గుర్తుండదు. సరదా బయటినుంచి తెచ్చిపెట్టేది కాదు. ఇలాగే జరుగుతుందని గట్టిగా అనుకున్నది జరక్కపోతే పుడుతుంది. అందుకే చూపించే ముందు ఎదుటివాళ్లతో పందెం కాయించాలి. ఏమవుతుందో వాళ్ల నోటితో చెప్పించాలి, చేతులెత్తించి లెక్కపెట్టాలి. ఊహించనివాళ్లకు ఓడిపోయే అవకాశమే ఉండదు. ఓడిపోకపోతే 'ఎందుకలా' అన్న ప్రశ్న రాదు.

రాగి గొట్టం సంగతే చూద్దాం. ఏసీలకు వాడే 5/8 అంగుళాల రాగి పైపు లోపలి వెడల్పు 14 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులోకి 12 మిల్లీమీటర్ల అయస్కాంతం సరిపోతుంది. బిళ్ల పలచగా ఉంటే మధ్యలో పల్టీలు కొడుతుంది, అందుకని రెండు మూడు బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వెడల్పు కంటే పొడవు ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. చుట్టగా అమ్మే పైపును చేత్తో సాగదీస్తే ఎక్కడో ఒకచోట సొట్ట మిగిలిపోతుంది, అయస్కాంతం అక్కడ తట్టుకుని ఆగుతుంది. 'ఓహో, రాపిడి వల్లన్నమాట' అని ఒక్కరికి అనిపించినా ప్రయోగం చెడినట్టే. తిన్నగా ఉన్న ముక్కే అడిగి కోయించుకోవడం మేలు. ఈ అయస్కాంతాలను చిన్నపిల్లల చేతికి వదలకూడదు. రెండు మింగితే పేగు గోడలు వాటి మధ్య ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది.

ఇక వరస. మొదట అయస్కాంతాన్ని గొట్టానికి ఆనించి, అంటుకోవడం లేదని అందరికీ చూపాలి. తర్వాత అంతే పొడవున్న పీవీసీ గొట్టంలో వదిలి, టప్పున పడుతుందని చూపాలి. అప్పుడు అడగాలి: రాగి గొట్టంలో వదిలితే? 'అంటుకోదు కదా, అలాగే పడుతుంది' అని ఎక్కువమంది అంటారు. అన్నాకే వదలాలి. ఈ వరస తిరగేసి, ముందు నియమం చెప్పి తర్వాత ప్రయోగం చేస్తే, అదే గొట్టం, అదే అయస్కాంతం ఎవరినీ కదిలించవు.

వివరణ ఆ తర్వాతే. కదిలే అయస్కాంతం రాగిలో కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు గొట్టం గోడలో గుండ్రంగా తిరుగుతుంది, తిరిగే కరెంటు తానే ఒక అయస్కాంతమవుతుంది. దిగేదాన్ని కింద నుంచి నెడుతుంది, పైనుంచి లాగుతుంది. వేగం పెరిగేకొద్దీ అడ్డు పెరుగుతుంది, అడ్డు బరువుతో సమానమయ్యాక అయస్కాంతం ఒకే వేగంతో దిగుతుంది. ఇక్కడ ఇంకో పందెం వేయొచ్చు. గొట్టాన్ని వంటింటి తూకం మీద నిలబెట్టి అయస్కాంతాన్ని వదిలితే, అది ఇంకా గాల్లో ఉండగా తూకం ఎంత చూపిస్తుంది? గొట్టం బరువే అనేవాళ్లు ఓడిపోతారు. ఒకే వేగంతో దిగుతున్నంతసేపూ అయస్కాంతం బరువంతా గొట్టమే మోస్తుంది, అది దేన్నీ తాకకపోయినా సరే. తూకానికీ గొట్టానికీ మధ్య పది సెంటీమీటర్ల చెక్క దిమ్మె పెట్టాలి, లేకపోతే అయస్కాంతం తూకం లోపలి ఇనుప భాగాలను లాగి అంకెల్ని చెడగొడుతుంది. ఇంకో సందేహం కూడా ఎవరో ఒకరు అడుగుతారు, అడగకపోతే మనమే అడగాలి. గొట్టాన్ని నిలువునా చీలిస్తే? అడ్డు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. చుట్టూ తిరిగే దారి తెగినా కరెంటు గోడలోనే చిన్న చిన్న సుడులు వెతుక్కుంటుంది.

ఇదంతా ఒకప్పుడు ఇంటి వరండాలోనే ఉండేది. పాత కరెంటు మీటర్లో అద్దం వెనక అడ్డంగా తిరిగే అల్యూమినియం చక్రం గుర్తుందా? దాని అంచు ఒక శాశ్వత అయస్కాంతం దవడల మధ్య నుంచి వెళ్లేది. ఆ బ్రేకు లేకపోతే లైట్లన్నీ ఆర్పేసినా చక్రం ఊపు మీద తిరుగుతూ యూనిట్లు పెంచుతూనే ఉండేది. కదిలే అయస్కాంతం కరెంటు పుట్టిస్తుందని 1831లో కనిపెట్టిన మైకేల్ ఫారడే, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఇచ్చిన ఒక ఉపన్యాసాల వరసలో తన పరిశోధనను పక్కనపెట్టి, వెలుగుతున్న ఒక్క కొవ్వొత్తిని పట్టుకునే రసాయనశాస్త్రం చెప్పాడు. చేతికి అందే వస్తువుతో మొదలుపెట్టడం ఎందుకు ముఖ్యమో ఆయనకు తెలుసు.

జీవశాస్త్రం దగ్గర చిక్కు వేరు. చాలా సంగతులు కంటికి ఆనవు. అందుకే అరటిపండు నుంచి డీఎన్ఏ తీసే ప్రయోగం అంత పేరు తెచ్చుకుంది. బాగా మగ్గిన అరటిపండు సగం, అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే ద్రవం, అర గ్లాసు నీళ్లు. పండును సంచిలో వేసి చేత్తో పిసకాలి. మిక్సీలో వేస్తే నురగ కట్టడమే కాదు, పోగులు ముక్కలైపోతాయి. పలుచటి గుడ్డలో వడకట్టి, గంటసేపు ఫ్రీజర్లో పెట్టిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను అంతే కొలతలో, గ్లాసు వాలుగా పట్టుకుని అంచు వెంట పోయాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే రెండు పొరలూ కలిసిపోతాయి. శానిటైజర్ జెల్ పనికిరాదు, అందులో నీటి పాలూ జిగురూ ఎక్కువ. 90 శాతానికి తగ్గనిది కావాలి. పక్కన స్టవ్ వెలుగుతూ ఉండకూడదు. ఐదారు నిమిషాల్లో రెండు పొరల మధ్య తెల్లటి తీగలు లేస్తాయి.

ఇక్కడ ఒక నిజాయితీ అవసరం. ఆ తెల్లటిదంతా డీఎన్ఏ కాదు. అందులో అరటిలోని పెక్టిన్ అనే జిగురు, ప్రోటీన్లు, ఆర్ఎన్ఏ కూడా ఉంటాయి. 'ఇదిగో డీఎన్ఏ' అని పైకెత్తి చూపేవాళ్లు సగం నిజమే చెబుతున్నారు. మిగతా సగం చెబితే ఆసక్తి తగ్గుతుందన్న భయం అనవసరం. మరి వేరుచేయడం ఎలా అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఇంకో మంచి ప్రశ్న కూడా ఆ గ్లాసు పక్కనే ఉంది. అరటిపండులో గింజలెందుకు లేవు? మనం తినే అరటి రకాల్లో చాలావాటికి క్రోమోజోములు, అంటే డీఎన్ఏ కట్టలు, ఒక్కో రకానివి మూడేసి చొప్పున మొత్తం 33 ఉంటాయి. గింజ కట్టాలంటే అవి ఇద్దరిద్దరుగా జంట కట్టి విడిపోవాలి. ముగ్గురితో ఆ ఆట సాగదు.

పెద్ద అంకెలను చిన్న గదిలోకి తేవడం ఇంకో పద్ధతి. ఒక మనిషి కణంలోని డీఎన్ఏ పోగులన్నీ కలిపితే రెండు మీటర్లు. వాటిని దాచుకునే కేంద్రకం వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు ఆరు రెట్లు. ఇలా చెబితే ఎవరికీ ఏమీ పట్టదు. అన్నిటినీ పది లక్షల రెట్లు పెంచి చూడండి. కేంద్రకం ఆరు మీటర్ల గుండ్రటి గదవుతుంది. డీఎన్ఏ రెండు మిల్లీమీటర్ల మందం పురికొస అవుతుంది, పొడవు రెండు వేల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే రైలు దారి కంటే ఎక్కువ. ఇప్పుడు పందెం: ఆ పురికొస ఆ గదిలో పడుతుందా? పట్టదనే అంటారు. లెక్క కడితే అది గదిలో దాదాపు పద్దెనిమిదో వంతే నింపుతుంది. చోటు సమస్యే కాదు, అసలు సమస్య చిక్కు పడకుండా ఉండటం, కావలసిన జానెడు ముక్కను వెతికి పట్టుకోవడం. 46 ముక్కలుగా ఉన్న ఆ పురికొసను కణం ప్రోటీన్ ఉండల చుట్టూ ఎందుకు చుడుతుందో చెప్పడానికి దారి అక్కడినుంచి సులువు.

పోలికల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే, భాస్వరం ఉన్న అణువు ఏటీపీ. దాన్ని చిల్లరతో పోల్చడం మామూలే. గ్లూకోజు ఐదొందల నోటు, కండరం బస్సు కండక్టరు, నోటు ఇస్తే తీసుకోడు. ఒక్క గ్లూకోజు అణువును మారిస్తే దాదాపు ముప్పై ఏటీపీలు వస్తాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతి తయారుచేశారు. 1929లో ఏటీపీ బయటపడటానికి ఆ కొలతే ఆసరా. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండే ఏటీపీ గ్రాముల లెక్కే, కానీ రోజు మొత్తంలో వాడి, మళ్లీ తయారుచేసుకునేది దాదాపు మనిషి బరువంత. ఇంతవరకు చిల్లర పోలిక బాగానే నడుస్తుంది. 'ఏటీపీ బంధం తెగితే శక్తి వస్తుంది' అనగానే తప్పు మొదలవుతుంది. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాలి. ఏటీపీ నీటితో కలిసినప్పుడు కొత్తగా ఏర్పడే బంధాలు, నీటిలో ఆ ముక్కలు స్థిరపడటం, వీటివల్లే మిగులు వస్తుంది. పోలిక ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం ఎగ్గొడితే పిల్లలు డిగ్రీకి వెళ్లాక ఆ తప్పును విప్పుకోవడానికి నానా తంటాలు పడతారు.

ఖర్చు లేని పందెం ఒకటుంది. రోజూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడా? వస్తాడనే చాలామంది నమ్మకం. హైదరాబాద్‌లో అది ఏడాదికి రెండుసార్లే, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. ఢిల్లీలో ఎప్పటికీ రాడు. మేలో ఆ క్షణం పన్నెండు గంటలకు కాదు, 12.12కి వస్తుంది. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. ఆగస్టులో మబ్బులు అడ్డొస్తాయి కాబట్టి మే నెలనే నమ్ముకోవాలి.

తిరుపతిలో ఇది ఏప్రిల్ చివరి వారంలోనే జరుగుతుంది. అక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చి నిలువు కర్ర నీడ మాయమైన రోజున ఆదిలాబాద్‌లో మీటరు కర్ర నిలబెడితే, నీడ అతి పొట్టిగా ఉన్న క్షణంలో పదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఆరు డిగ్రీల కోణం. రెండు ఊళ్లకూ మధ్య ఉత్తర దక్షిణాల దూరం దాదాపు 670 కిలోమీటర్లు. ఆరు డిగ్రీలకు అంత దూరమైతే 360 డిగ్రీలకు నలభై వేల కిలోమీటర్లు, అదే భూమి చుట్టుకొలత. కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి సరిచూసుకోవాలి. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం, కాబట్టి నీడ కొస దాదాపు సెంటీమీటరు మేర మసగ్గా ఉంటుంది. గుర్తు ఆ మసక మధ్యలో పెట్టాలి. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయితే భూమి దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు పెరిగిపోతుంది, లేదా తగ్గిపోతుంది.